ఒక్క లైనే కదా

మూడో అంతస్తు, నా గది
ఫిబ్రవరి 18

వదినా,

నీ మెయిల్‌కి పదకొండు రోజులకి గానీ జవాబివ్వలేదని అలిగి కాగితం మీద రాశావు. అందింది. నా మెయిల్ పెట్టెలో చదవనివి మూడు వేల పైచిలుకు ఉన్నాయి. అందులో నీదీ కలిసిపోయింది. ఇకనుంచి ఇలాగే రాసుకుందాం. పోస్టుకి నాలుగు రోజులు పట్టినా, కవరు మీద నీ చేతిరాత చూసి గుర్తుపడతాను కదా.

నేను ఆఫీసు అయ్యాక కూడా ఏం చేస్తుంటానో మీ ఆయనకి అంతుపట్టలేదని రాశావు. అన్నయ్యకి అంతుపట్టకపోవడం కొత్తేమీ కాదు గానీ, నీకు చెబుతాను. మీ బ్లడ్ బ్యాంకులో వాడే 'అర' ప్రోగ్రాం ఉందే, ఏ సంచి ఎప్పుడొచ్చింది, ఎప్పటిదాకా పనికొస్తుంది అని లెక్క చూసి లేబుల్ కొట్టేది, దాన్ని ఎవరూ అమ్మరు. లోపలి రాత అంతా బహిరంగమే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. రాసేవాళ్ళం లోకమంతా చెల్లాచెదురుగా ఉంటాం. దానికి రెండు వరసలు. ఐదో వరసలో కొత్త సోకులన్నీ వస్తాయి. నాలుగో వరస పాతది, కుదురుగా ఉండాల్సింది. అందులో కొత్తదేదీ చేర్చకూడదు, ఉన్న తప్పులు మాత్రం దిద్దాలి. నెలకో చిన్న రిలీజ్. ఆ నాలుగో వరస నాది. కొత్త ఇల్లు కట్టేవాళ్ళకి పేరొస్తుంది వదినా. పాత కప్పు మీద పెంకులు సర్దేదాన్ని నేను. కారనంతకాలం ఎవరూ తలెత్తి చూడరు.

నేను పెట్టిన నియమాలు రెండే. ఏ దిద్దుబాటైనా ముందు ఐదో వరసలో రెండు వారాలు నలగాలి. ఆ తర్వాతే నాలుగులోకి తెచ్చి, వారం రోజులు పరీక్షకి బయట పెట్టాలి. ఆ వారంలో ఎంతమంది పరీక్షించి చెబుతారనుకున్నావు? గుండు సున్నా. రిలీజ్ అయిన మర్నాడు మాత్రం తిట్టడానికి బారులు తీరతారు.

ఐదో వరస చూసే ఆయన ఒకడున్నాడు. మేమంతా తొందరాయన అంటాం. ఏదడిగినా "ఒక్క లైనే కదా" అంటాడు. ఆ ఒక్క లైనూ వేసేస్తే నా తల తినడం మానతాడని ఒక్కోసారి అనిపిస్తుంది. ఈ ప్రాజెక్టు మొదలుపెట్టిన పెద్దాయనకి చెప్పుకుంటే, "సర్దుకుపోవాలమ్మా" అంటాడు. ఎటు సర్దుకోవాలో చెప్పడు.

నీ ఆడపడుచు


బ్లడ్ బ్యాంకు, నా బల్ల
మార్చి 2

చిట్టీ,

ఆడపడుచు మొగుణ్ణి గురించి ఫిర్యాదు చేస్తుందనుకుంటే కంప్యూటర్ గురించి చేస్తోందేమిటని మీ అన్నయ్య నవ్వాడు. నేను నవ్వలేదు. పెంకులు సర్దే మాట నాకు బాగా అర్థమైంది. మా పనీ అంతే. సంచి సరిగ్గా వెళ్ళినన్నాళ్ళూ ఈ గది ఉందని ఆసుపత్రిలో ఎవరికీ గుర్తుండదు.

నీ కొత్త రిలీజ్, నాలుగు పద్దెనిమిదో ఏదో, వచ్చిన మర్నాడే పెట్టేశాం. వేరే ఎవరిదైనా అయితే నెల ఆగేదాన్ని. మా ఆడపడుచు చేతిది కదా అని సంతకం పెట్టేశాను.

మా లేబుళ్ళావిడ గురించి నీకెప్పుడూ చెప్పలేదు. పధ్నాలుగేళ్ళుగా ఆ బల్ల దగ్గరే కూర్చుంటోంది. ఒక్కొక్క లేబుల్‌నూ అంటించాక బొటనవేలితో రెండుసార్లు రుద్దుతుంది. "ఒకసారి చాలదా?" అంటే "మొదటిది జిగురుకి మేడమ్, రెండోది నాకు" అంటుంది. అలాంటి మనిషి నీ పరీక్షల వారంలో ఒకరుంటే నువ్విలా వాపోవు.

నీ వదిన


బ్లడ్ బ్యాంకు
మార్చి 12

చిట్టీ,

చిన్న సందేహం. అర రోజుల్ని ఎలా లెక్కపెడుతుంది? ప్లేట్‌లెట్ సంచి ఐదు రోజులే పనికొస్తుంది కదా. రెండో తారీకున తీస్తే ఏడో తారీకు వరకు. తీసిన రోజును కలిపితే ఒకటి, కలపకపోతే ఒకటి వస్తుందేమో. ఈమధ్య ఆ లెక్కలో ఏమైనా మార్చారా?

ఊరికే అడుగుతున్నాను. వీలు చూసుకుని రాయి.

నీ వదిన


మూడో అంతస్తు
మార్చి 19

వదినా,

ఈ నెల నా సహనానికి పరీక్ష పెట్టాలని అందరూ కూడబలుక్కున్నట్టున్నారు. ఒక గోదామువాళ్ళు ఏడేళ్ళ కిందటి రిలీజ్ వాడుతూ అందులో తప్పుందని నాలుగు పేజీలు రాశారు. ఆ తప్పు దిద్ది ఆరేళ్ళయిందండీ అంటే, "మాకెవరూ చెప్పలేదే" అన్నారు. ఇంకొకాయన తన రిపోర్టుల రంగు మార్చడాన్ని తప్పు దిద్దుబాటు కింద రాసి పంపించాడు. రంగు మార్చడం తప్పు దిద్దడం ఎలా అవుతుందని అడిగితే, "పాత రంగు తప్పు కాబట్టి" అన్నాడు. తొందరాయన ఈ వారంలోనే పంతొమ్మిది మార్పులు నా నెత్తిన పెట్టాడు. వాటిలో నిజంగా నాలుగో వరసకి కావలసినవి మూడు. మిగతా పదహారూ ఎందుకు వద్దో పదహారుసార్లు రాయాలి. రాశాను. "నీతో వేగడం కష్టం" అన్నాడు. మా అత్తవారు కూడా నన్ను ఆ మాట అనలేదు.

ఆఫీసులో కూడా నా మొహం చూసి కుర్చీ దూరంగా జరుపుకుంటున్నారు.

నువ్వడిగిన రోజుల లెక్క చూశాను. తేదీల దగ్గర చిన్న సవరణ ఒకటుంది. వచ్చే నెల రిలీజ్‌లో వస్తుంది. ఈలోపు ప్లేట్‌లెట్ల తారీకు చేత్తో ఒకసారి సరిచూసుకుంటే మంచిది.

అన్నయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ ఆడపడుచు


ఇంటి వెనక గది
మార్చి 25

ఆడపడుచుగారికి,

మీ అన్నయ్యగారి మోకాలు బాగానే ఉంది.

మీరు రాసిన "చిన్న సవరణ" నాలుగుసార్లు చదివాను. ఇక నేనూ దాచకుండా చెబుతాను. మార్చి ఎనిమిదో తారీకున మా దగ్గర్నుంచి పిల్లల వార్డుకి ఒక ప్లేట్‌లెట్ సంచి వెళ్ళింది. రెండో తారీకున తీసినది. దాని మీద ఆఖరు తేదీ 'ఎనిమిది' అని ఉంది. ఏడుతో దాని పని అయిపోయింది. వార్డులో నర్సు ఎక్కించేముందు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆరు వేళ్ళు వచ్చాయి. సంచి పట్టుకుని మెట్లు దిగి మా దగ్గరికే వచ్చింది. ఆమె లెక్కపెట్టకపోయి ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పాపకి ఏమీ కాలేదు. వేరే సంచి ఎక్కించారు.

పదో తారీకున విచారణ పెట్టారు. ఆ వారం మా స్కానర్ పాడై, లేబుళ్ళావిడ కొన్ని తారీకులు చేత్తో కొట్టింది. కాబట్టి ఇదీ ఆమె చేత్తో కొట్టినదేనని తేల్చారు. ఇది యంత్రం కొట్టిన లేబులేనని ఆమె అంటూనే ఉంది. "యంత్రాలు తప్పు చెయ్యవమ్మా, మనుషులే చేస్తారు" అన్నాడు విచారణకి వచ్చినాయన. అదే రోజు ఆమెను పనిలోంచి తాత్కాలికంగా పక్కన పెట్టారు. ఆర్డరు కాగితం నోటీసు బోర్డు మీద ఇంకా ఉంది, పేరుతో సహా. ఇప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. ఎవరికి తీరికైతే వాళ్ళు వెళ్ళి కొడుతున్నారు.

మీరు నిజం ఎప్పుడు తెలుసుకున్నారు? నా ఉత్తరం అందిన రోజా? అయితే నాకు జవాబు రాసే ముందు గోదామువాళ్ళ కథ, రంగుల కథ రాయడానికి మీకు చెయ్యి ఎలా వచ్చింది?

మీ వదిన


మూడో అంతస్తు
మార్చి 31

వదినా,

నువ్వు నన్ను 'గారు' అన్నావు. చెంపదెబ్బ అయితే ఒక్క పూటలో తగ్గిపోయేది.

నీ ఉత్తరం అందినది మార్చి పదహారున. నువ్వడిగిన లెక్క వేసి చూడటానికి నాకు పది నిమిషాలు పట్టింది. అప్పుడే తెలిసింది.

జరిగింది ఇది. ఆఖరి రోజున సరుకు ఇవ్వబోతే గడువు అయిపోయిందని అర అడ్డుపడుతోందని కొందరు మొరపెట్టుకున్నారు. తొందరాయన ఐదో వరసలో దాన్ని దిద్దాడు. రోజుల లెక్కకి ఒకటి కలిపాడు. ఐదో వరసలో లేబుల్ కొట్టేచోట ఆ ఒకటి మళ్ళీ తీసేసే ఏర్పాటు ఉంది. నాలుగో వరసలో అది లేదు. కొత్త ఇంటి తలుపు తెచ్చి పాత గుమ్మానికి బిగించినట్టయింది. నెలల్లో లెక్కపెట్టేవాటికి ఇబ్బంది లేదు. రోజుల్లో లెక్కపెట్టేవాటికి మాత్రం ఒక రోజు ఎక్కువ అచ్చవుతోంది.

కానీ అది తొందరాయన తప్పు కాదు. ఐదులో రెండు వారాలు నలిగాకే తేవాలన్నది నా నియమం. అది నలిగింది మూడు రోజులు. నాలుగులో వారం పరీక్షకి పెట్టాలన్నది నా నియమం. పరీక్ష వారం అయిపోయాక, రిలీజ్ చేసే రోజు సాయంత్రం చేర్చాను. ఆరోజు అతను ఎనిమిదిసార్లు అడిగాడు. ఎనిమిదోసారి "ఒక్క లైనే కదా" అనుకున్నది అతను కాదు వదినా, నేనే. ఎలాగూ ఎవరూ పరీక్షించరు, పెడితే ఎంత పెట్టకపోతే ఎంత అనుకున్నాను. పన్నెండేళ్ళ విసుగు ఆ ఒక్క సాయంత్రం నా చేత ఆ పని చేయించింది.

తప్పు తెలిశాక ఎందుకు దాచానంటావా? వచ్చే నెల రిలీజ్‌లో చడీ చప్పుడూ లేకుండా దిద్దేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. నీ ప్రశ్న వెనక ఒక మనిషి ఉందని నాకు తోచలేదు. తోచకుండా చూసుకున్నానేమో కూడా.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఆఫీసుకి సెలవు పెట్టి నాలుగు పద్దెనిమిదిని వెనక్కి తీసుకున్నాను. సాయంత్రానికల్లా నాలుగు పంతొమ్మిది ఇచ్చాను. అందులో ఆ లైను తీసెయ్యడం తప్ప ఇంకేమీ లేదు. దానితోపాటు వెళ్ళే ప్రకటన పెద్దాయనకి చూపించాను. ఆయన "తేదీల లెక్కలో స్వల్ప మెరుగుదల" అని మార్చి పంపించాడు. ఫోన్ చేశాను.

"ప్రాజెక్టు పరువు ఆలోచించమ్మా. ఆసుపత్రులు భయపడి మానేస్తాయి."

"భయపడాలనే రాస్తున్నానండీ. భయపడితేనే గడువైపోయినవి వెతుకుతారు."

"నీ పేరెందుకు మధ్యలో? 'పొరపాటు దొర్లింది' అంటే సరిపోతుంది."

"దానంతటదే దొర్లలేదండీ. నేను దొర్లించాను."

చివరికి ఆయన నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టమే పెట్టాను. అచ్చు ప్రతి ఈ కవరులో ఉంది. ఇలా మొదలవుతుంది: "నాలుగు పద్దెనిమిది వాడుతున్నవారు వెంటనే ఆపండి. రోజుల్లో లెక్కించే సరుకులన్నిటికీ గడువు ఒక రోజు ఎక్కువగా అచ్చయింది. ఫిబ్రవరి 27 తర్వాత కొట్టిన ప్రతి లేబుల్‌నూ చేత్తో సరిచూడండి. ఈ మార్పును పరీక్షా గడువు ముగిశాక, పరీక్షించకుండా చేర్చింది నేను." కింద నా పూర్తి పేరు ఉంది.

దీన్ని మీ పైవాళ్ళకి చూపించు. ఆవిడ తప్పు కాదని నేనే వచ్చి చెప్పమన్నా వస్తాను.

చిట్టి


బ్లడ్ బ్యాంకు
ఏప్రిల్ 9

చిట్టీ,

నిన్ను నిలదీసిన ఉత్తరంలో నేనొక మాట దాచాను. అది రాయకుండా నిన్ను దులిపేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఎనిమిదో తారీకున నర్సు సంచి తెచ్చిచ్చి వెళ్ళాక, మా దగ్గర మిగిలిన రెండు ప్లేట్‌లెట్ సంచులు తీసి చూశాను. వాటి మీదా ఒక రోజు ఎక్కువే ఉంది. ఒక లేబుల్ తప్పితే మనిషి, వరసగా మూడు తప్పితే యంత్రం అని నాకు ఆ క్షణమే తెలుసు. ఆ రెండిటి తారీకూ చేత్తో దిద్దేశాను. విచారణలో నన్ను పిలిచి "మీ యంత్రం సరిగ్గానే ఉందా?" అని అడిగారు. "ఉందండి" అన్నాను. యంత్రం అంటే నీ పేరు బయటికొస్తుంది. నీ పేరు వస్తే, కొత్త రిలీజ్‌ని చూడకుండా మర్నాడే పెట్టించిన నా సంతకం బయటికొస్తుంది. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి కాపాడుకున్నది నన్నే. అప్పుడు లేబుళ్ళావిడ నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

నువ్వు పంపిన కాగితం పట్టుకుని సోమవారం సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"అయితే తప్పు ప్రోగ్రాందన్నమాట."

"ప్రోగ్రాందీ, నాదీనండి. ఆవిడది మాత్రం కాదు."

"మీదేమిటి?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇదేం పనండీ" అన్నాడు. నాకు మెమో ఇచ్చారు. ఈ యేడు రావాల్సిన ఇన్‌ఛార్జి హోదా వేరేవాళ్ళకి వెళ్ళింది. అది న్యాయమే. లేబుళ్ళావిడ ఆర్డరు రద్దు చేశారు. బోర్డు మీది కాగితం నేనే పీకాను. గుండుసూదులు నాలుగూ ఎంతకీ ఊడిరాలేదు.

అదే సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. రద్దయిందని చెప్పాను. ఆవిడ సంతోషించలేదు.

"మిగతా రెండు సంచులూ మీరు చూశారా మేడమ్?"

"చూశాను."

"ఎప్పుడు?"

"ఆరోజే."

తలుపు వెయ్యలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. గుమ్మంలో అలా నిలబడే "వచ్చే సోమవారం నుంచి వస్తాను" అంది.

మీ అన్నయ్యకి అంతా చెప్పాను. భోజనం చేశాక నా కంచం కూడా తనే తీశాడు.

నీ వదిన


మూడో అంతస్తు
ఏప్రిల్ 24

వదినా,

నీ మెమోలో సగం నాది. పంచుకునే వీలుంటే బాగుండేది.

ఇక్కడి సంగతి. ప్రకటన వెళ్ళాక తిడుతూ అరవై మెయిళ్ళు వచ్చాయి. వాటిలో ఒకటి నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. ఒక చిన్న ఆసుపత్రివాళ్ళు వెతికితే గడువు దాటిన సంచి ఒకటి దొరికిందట, ఇంకా ఎవరికీ ఎక్కించలేదట. రెండే వాక్యాలు. ధన్యవాదాలు లేవు, తిట్లూ లేవు. తొందరాయన మాత్రం "ఐదో వరసలో సరిగ్గానే ఉంది, గమనించగలరు" అని అందరికీ రాశాడు. గమనించాం.

అసలు గొడవ తర్వాత వచ్చింది. నాలుగో వరస మూసేద్దాం, అందర్నీ ఐదుకి రమ్మందాం అని ఓటింగ్ పెట్టబోయారు. మీ దగ్గరున్నటువంటి పాత కంప్యూటర్ల మీద ఐదు కదలదని ఎంత చెప్పినా, "కొత్తవి కొనుక్కుంటారు" అంటారు. వీళ్ళెవరూ ఒక్క పూటైనా ఆసుపత్రి సెల్లారులో కూర్చున్నవాళ్ళు కాదు. నాకు ఒళ్ళు మండింది. నేను తప్పు చేశాననీ, దాన్ని చూపించి నోరు లేనివాళ్ళ కింద కుర్చీ లాగొద్దనీ రాశాను. చివరికి పెద్దాయన తీర్పు చెప్పాడు. నిజంగా పరీక్షించేవాళ్ళు ఉంటే నాలుగు నడుస్తుంది, లేకపోతే ఈ యేడాదితో సరి.

నాలుగు ఇరవై పరీక్షకి పెట్టి రెండు రోజులయింది. ఈసారి మూడు వారాలు గడువిచ్చాను. ఎవరూ పలకలేదు. పరీక్షించినవాళ్ళకి మేమిచ్చేది ఒక్కటే, రిలీజ్ ప్రకటనలో వాళ్ళ పేరు. అదొక పెద్ద తాయిలమని నాకూ అనిపించడం లేదు.

విసుగు పోలేదు వదినా. కాకపోతే ఇప్పుడు దాన్ని చూస్తే భయం వేస్తోంది.

చిట్టి


బ్లడ్ బ్యాంకు
మే 5

చిట్టీ,

నీ ఉత్తరం నా బల్ల మీద తెరిచి ఉండగా లేబుళ్ళావిడ రిజిస్టరు తీసుకోవడానికి వచ్చింది. పనిలో చేరాక నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. నేనే ధైర్యం చేసి, కొత్తది వస్తోందట, పెట్టేముందు ఎవరైనా చూస్తే బాగుండునట అన్నాను.

"మూల గదిలో పాత కంప్యూటర్ ఉందిగా, దాంట్లో పెట్టించండి. ఇక మీదట నేను చూడకుండా మీరు సంతకం పెట్టకండి."

"పెట్టను."

"మాటిస్తే సరిపోదు మేడమ్. రిజిస్టర్లో రాయండి."

రాశాను.

ఆవిడ నాలుగు రోజులు చూసింది, తన పని మానకుండానే. నిన్న ఒక కాగితం తెచ్చి పెట్టింది. అది ఇందులో జత చేశాను. మామూలు లేబుళ్ళు అన్నీ సరిగ్గా ఉన్నాయట. కానీ చలి పెట్టెలో తడికి లేబుల్ ఊడిపోతే మళ్ళీ కొడతాం కదా, రోజుకి నాలుగైదు అలా పడుతుంటాయి. ఆ రెండో కాపీ తీసినప్పుడు, నీ కొత్తది రక్తం తీసిన రోజు నుంచి కాకుండా కాపీ కొట్టిన రోజు నుంచి లెక్కపెడుతోందట. ఐదు రోజులకి బదులు ఎనిమిది రోజులు వచ్చిన లేబుల్ కూడా అంటించింది, చూడు. పాతదాంట్లో ఇలా లేదట. మీలో ఎవరైనా ఎప్పుడైనా తడి లేబుల్ ఊడదీసి మళ్ళీ కొట్టి చూశారా అని అడగమంది. చూసి ఉండరని తనే అంది.

కాబట్టి నువ్వు అనుకున్న తారీకుకి రిలీజ్ చెయ్యకు. వాళ్ళెంత గోల పెట్టినా సరే. దిద్దాక మళ్ళీ పంపితే మళ్ళీ చూస్తుందట.

పరీక్షించినవాళ్ళ పేరు ప్రకటనలో వేస్తారట, నీది పంపమంటావా అని అడిగాను. ఆవిడ చేతిలోని లేబుల్ అంటించి, బొటనవేలితో ఒత్తుతూ, తల ఎత్తకుండా అంది.

"వద్దు మేడమ్. ఈ యేడు నా పేరు ఒకసారి గోడ మీద చూసుకున్నాను. చాలు."

నీ వదిన